పాట నెంబరు

పాస్టరుగారు నెంబరు చెప్పగానే ఎలీషబా కుడిచేయి ఒళ్ళోని బైబిలు మీదికి వచ్చింది. ముందు రెండు వేళ్ళు. తర్వాత ఒకటి. ఆ తర్వాత అయిదు వేళ్ళూ, వాటి పక్కన ఎడమచేతివి రెండు. చూసేవాళ్ళకు అట్ట మీద దుమ్ము తుడుచుకుంటున్నట్టే ఉంటుంది. నడవకు అవతల, మగవాళ్ళ వైపు మూడో వరుసలో కూర్చున్న జ్ఞానయ్య ఆ వేళ్ళను చూసి, తల దించుకుని, పాటల పుస్తకంలో రెండువందల పదిహేడు తీశాడు.

ఏడాదిగా ఇలాగే జరుగుతోంది. ఒక ఆదివారం అతను వేరే పేజీ తీసి ఉత్తినే పెదవులు కదపడం ఆమె చూసింది. మరుసటి ఆదివారం ఆమె వేళ్ళు వాటంతట అవే కదిలాయి. అతను చూశాడు. అంతే. భర్తకు వినపడడం లేదన్న సంగతి ఆమెకు తెలుసు. తెలుసని ఆమె చెప్పలేదు. అతనూ అడగలేదు. ఇంట్లో ఇద్దరూ దాని పక్కనుంచే నడిచేవాళ్ళు, నిద్రపోతున్న పిల్లను లేపకుండా నడిచినట్టు.

మార్చి మొదటి ఆదివారం. తెరిచిన కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా పడి, చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళ తెల్లచీరలను పసుపుగా చేస్తోంది. ఎక్కడో రాతి మిషన్ల దగ్గర లేచిన సన్నటి బూడిదరంగు దుమ్ము ఆ వెలుతురులో తేలుతోంది, కిందికి దిగాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు. మొదటి ఆదివారం కాబట్టి ప్రభువు బల్ల ఉంది. తెల్లగుడ్డ తీసి, రొట్టెముక్కల పళ్ళెం, చిన్న గిన్నెలు పెట్టిన చెక్కపళ్ళెం పెద్దలు చేతుల్లోకి తీసుకున్నారు. పాస్టరుగారు నెలనెలా చెప్పే మాటే చెప్పారు. ఎవరి విషయంలోనైనా తప్పు పెట్టుకున్నవాళ్ళు ముందు పోయి అది సరి చేసుకోవాలి, ఆ తర్వాతే ముట్టాలి. సరి కాని మనసున్నవాళ్ళు పళ్ళేన్ని ముట్టకుండా పక్కవాళ్ళకు అందిస్తారు. ఆ సంఘంలో అది పాత కట్టుబాటు. ఎవరూ ఏమీ అనరు. కాని అందరూ చూస్తారు.

జ్ఞానయ్య పళ్ళేన్ని రెండు చేతులతో అందుకున్నాడు. ఒక్క క్షణం దాని బరువు చూస్తున్నట్టు పట్టుకున్నాడు. ఏమీ తీసుకోకుండా పక్కాయనకు ఇచ్చాడు. గిన్నెల పళ్ళేన్నీ అలాగే పంపేశాడు.

పోయిన నెల కూడా ఇలాగే చేస్తే, పాస్టరుగారి మాట వినపడక తికమకపడ్డాడేమో అనుకుంది ఎలీషబా. ఈసారి అలా అనుకోవడానికి లేకపోయింది. పళ్ళెం ఆమె దాకా వచ్చింది. ఆమె రొట్టెముక్క తీసుకుంది, గిన్నె తీసుకుంది. తియ్యటి ద్రాక్షరసం నాలుక మీద చాలాసేపు ఉండిపోయింది.

బయట చెప్పులు వేసుకుంటుంటే అన్నమ్మ దగ్గరికి వచ్చింది. సంఘంలో అందరికంటే పెద్దావిడ. ఎవరింట్లో పొయ్యి వెలగకపోయినా ముందు ఆవిడకే తెలుస్తుంది.

"ఏమ్మే ఎలీషబా, ఇంట్లో ఏంది సంగతి?"

"ఏం లేదత్తా."

"ఏం లేకపోతే రెండు నెల్ల నుంచి మీ ఆయనకు పళ్ళెం బరువైందా?" అన్నమ్మ ఒక చెప్పు వేసుకుని రెండోది కాలితో వెతుక్కుంటూ అంది. "వచ్చే ఆదివారం మీ పెళ్ళిరోజు కదా. ఇరవై ఏండ్లు. ముందుకొచ్చి సాక్ష్యం చెప్పాల. పోట్లాడుకోని పక్కపక్కన నిలబడితే బాగుండదు."

"మేం పోట్లాడుకోలేదత్తా."

"అయితే ఇంకా కష్టం. పోట్లాటైతే ఒక పూటలో తెగుతాది."

జ్ఞానయ్య గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎవరో వెనకనుంచి "అన్నా" అని పిలుస్తున్నారు. అతను తిరగలేదు. "ఆయన ఏదో ఆలోచనలో ఉన్నాడులే" అని ఎలీషబా నవ్వుతూ సమాధానం చెప్పి, గబగబా పోయి అతని పక్కన నిలబడింది.

ఆ సాయంత్రం గిద్దలూరు హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కూతురు కావ్య ఫోన్ చేసింది.

"నాయనకియ్యమ్మా ఒకసారి. ఆయన నాతో మాట్లాడి ఎన్ని దినాలైంది?"

జ్ఞానయ్య ఎదురుగానే ఉన్నాడు, అరుగు మీద కూర్చుని గోళ్ళలో ఇరుక్కున్న రాతిదుమ్మును పుల్లతో తీసుకుంటూ. ఫోన్ వైపు చూశాడు. వెంటనే చూపు దించుకున్నాడు.

"నాయనకు పనుంది పాపా. బయటికి పోయినాడు" అంది ఎలీషబా.

ఫోన్ పెట్టేశాక ఆమె అతని ముందుకు పోయి నిలబడి, పెదవులు బాగా కనపడేటట్టు, "ఎందుకు తీసుకోలేదు ఈరోజు?" అని అడిగింది. అతను ఆమె నోటివంకే చూశాడు. అర్థమైందని ఆమెకు తెలుస్తూనే ఉంది. అతను మెల్లగా తల ఊపాడు, అన్నం తిందామా అంటే ఊపినట్టు. లేచి కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.

*

మంగళవారం జ్ఞానయ్య క్యారియరు మర్చిపోయి పోయాడు. ఎలీషబా ఆటో ఎక్కి ఊరి బయట పలకల ఫ్యాక్టరీ దగ్గర దిగేసరికి పన్నెండు దాటింది. మిషన్లు ఆపేసి ఉన్నారు. అక్కడ బండలు తట్టి చూసేది ఆ ఒక్క గంటలోనే. కోత మిషన్లు తిరుగుతుంటే రాయి చెప్పే మాట ఎవరికీ వినపడదు. అందుకని అందరూ అన్నానికి పోయిన వేళలో జ్ఞానయ్య ఒక్కడే రేకుల షెడ్డులో కూర్చుని, కోసిన పలచటి బండలను ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని చిన్న ఇనుప కడ్డీతో తట్టి చూస్తాడు. లోపల పగులు లేని బండ ఖణ్‌మని మోగుతుంది. పైకి ఏమీ కనపడకపోయినా లోపల వెంట్రుకవాసి పగులుంటే చాలు, ఆ మోత రాదు. మోగినవి కుడివైపు, మోగనివి ఎడమవైపు. పాతికేళ్ళుగా అదే పని. ఊళ్ళో అతన్ని చెవి జ్ఞానయ్య అంటారు.

ఆమె తలుపు దగ్గరే ఆగిపోయింది. అతను చూడలేదు. ఎడమ అరచేతిలో బండను ఆనించుకుని, వేళ్ళు బాగా చాపి, కడ్డీతో తట్టాడు. చెవి పక్కకు వంచలేదు, ఇదివరకు వంచేవాడు. కళ్ళు మూసుకుని అరచేతితో వింటున్నాడు. ఆ బండ మోగలేదు. శబ్దం పుట్టినచోటే పడిపోయింది, తడిగుడ్డ మీద కొట్టినట్టు. జ్ఞానయ్య దాన్ని కుడివైపు పెట్టాడు.

తర్వాతది మోగింది. దాని తర్వాతదీ మోగింది. నాలుగో బండ మళ్ళీ చచ్చిన శబ్దం చేసింది. ఈసారి అతను అనుమానంగా రెండోసారి తట్టి, తల ఎత్తాడు. తలుపు దగ్గర ఎలీషబా కనపడింది. అతని ముఖం మీదికి ప్రతి ఆదివారం వచ్చే చూపే వచ్చింది. అడిగే చూపు.

ఆమె ఏమీ ఆలోచించలేదు. క్యారియరు మూత మీద ఉన్న చేతిని బోర్లించింది.

అతను బండను ఎడమవైపు పెట్టాడు.

ఇంకోటి తీశాడు, తట్టాడు, చూశాడు. ఆమె అరచేయి వెల్లకిలా తిప్పింది. కుడివైపు. ఇంకోటి. ఇంకోటి. రేకుల సందుల్లోంచి ఎండ చారలుగా దిగుతోంది. నల్లవి, ఆకుపచ్చవి, రాగిరంగువి, బండలు ఒక్కొక్కటి ఆ చారల్లోకి వచ్చి వెలిగి పక్కకు పోతున్నాయి. మోత రాతిలోంచి లేచి, షెడ్డంతా తిరిగి, ఆమె చెవిలో దిగి, ఆమె అరచేతిలోంచి అతని కళ్ళలోకి పోతోంది. ఇద్దరూ కలిసి ఒక్క మనిషిగా వింటున్నట్టుంది. ఎంతసేపో ఆమెకు తెలియలేదు. పెళ్ళైన కొత్తలో అతను బడిపిల్లల పలక ఒకటి తెచ్చి, వేలితో మీటి, ఇది పాడుతుంది విను అన్నప్పుడు కూడా ఆమెకు ఇలాగే ఒళ్ళు తేలికైంది. రోజూ రావచ్చు అనుకుంది. క్యారియరు తెచ్చి ఒక్క గంట కూర్చుంటే ఏం పోతుంది. ఎవరికి తెలుస్తుంది.

కుడివైపు దొంతరలో అడుగున ఉన్న ఆ మొదటి బండ గుర్తొచ్చింది. దాని గురించి ఆమె చెయ్యి కదపలేదు.

అన్నం తిని చేతులు తుడుచుకుంటూ సూపర్‌వైజరు శివకృష్ణ వచ్చాడు. పాతికేళ్ళ కుర్రాడు, జేబులో రెండు ఫోన్లు.

"ఏం వదినా, అన్న చెవి ఎట్ల పనిచేస్తాందో చూడనీకి వచ్చినావా? మిషన్ తెచ్చి పెట్టినా ఇంత కరెక్టుగా చెప్పదు." దొంతర మీద చెయ్యి వేశాడు. "ఇక్కడిదాకా బాగానే ఉంటాది. చెక్కపెట్టెల్లో సర్దే దగ్గరే వస్తాది తంటా. కొత్త పిల్లలకు గడ్డి వేయడం గూడా రాదు."

"సర్దేది బాషాబీ కదా, ఆమె లేదా?"

"ఆమెను మానిపించినాం కదా వదినా. అన్న చెప్పలే? జనవరిలో చెన్నైకి పోయిన లోడులో నలభై బండలు పగిలి వెనక్కొచ్చినాయి. పదకొండేండ్లు చేసింది పాపం. చేతుల్లో పట్టు పోయిందేమో. ఓనరు ఊరుకోలే."

ఎలీషబా జ్ఞానయ్య వైపు చూసింది. అతను వాళ్ళిద్దరి పెదవులూ కదలడం చూస్తున్నాడు. చేతిలో కడ్డీ ఉంది. బండ లేదు.

*

బాషాబీ ఇల్లు మసీదు వెనక సందులో ఉంది. గురువారం పొద్దున ఎలీషబా పోయేసరికి ఆమె వాకిట్లో గోనెపట్టా మీద కూర్చుని చింతకాయలు కొట్టి గింజలు తీస్తోంది. చిన్న సుత్తి ఒక్కో కాయ మీద మెత్తగా పడుతోంది.

"రా వదినా, రా. చింతపండు వాసనకు పళ్ళు పులిస్తే నన్ననొద్దు." పక్కకు జరిగి చోటిచ్చింది. "ఏంది ఇట్ల దారి తప్పినావు? కావ్య బాగుందా? సంబంధాలు చూస్తాండారా, ఇంకా చదివిస్తారా?"

"చదవనీలే. నువ్వు పని మానేసినావని మొన్ననే తెలిసింది బాషాబీ."

"నేను మానలే. మానిపించినారు." సుత్తి ఆగలేదు. "నా చేతుల్లో పగిలినాయంట. పగిలిందంటే పగిలిందే."

"నీకు అట్ల అనిపించిందా, సర్దేటప్పుడు?"

"లేదు వదినా. మంచి బండ గడ్డిలో పగలదు. పదకొండేండ్లలో పగల్లే. ముందే పగులుంటే తప్ప. కానీ తట్టి ఇచ్చినది అన్న కదా. అన్న తట్టిన బండలో పగులుండదు. ఉండదంటే ఉండదు. నేనే శివకృష్ణతో అట్ల చెప్పినా. ఇంక మిగిలింది నా చేతులే కదా." సుత్తి పక్కన పెట్టి రెండు చేతులూ ముందుకు చాపి, ఎవరివో చూస్తున్నట్టు చూసుకుంది. వేళ్ళ సందుల్లో చింతపులుసు నల్లగా ఎండిపోయి ఉంది. "ఇప్పుడు గ్లాసు పట్టుకోవాలన్నా రెండు చేతులూ పెడతాండా. స్టీలు గ్లాసుకు గూడా. మా ఇంట్లో నవ్వుతాండారు, స్టీలు పగుల్తాదా అమ్మీ అని."

లోపలికి పోయి టీ తెచ్చింది. రెండు చేతులతో పట్టుకుని, గుమ్మం దాటేటప్పుడు కాలితో తడుముకుంటూ తెచ్చింది. గ్లాసు ఎలీషబా చేతుల్లోకి వచ్చేదాకా ఊపిరి బిగబట్టింది.

చెప్పాలని వచ్చింది ఎలీషబా. దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. ఇప్పుడు టీ మీద మీగడ ముడతలు పడడం చూస్తూ కూర్చుంది. ఆ మాట తనది కాదు, అతనిది. అతనికి తెలియకుండా ఇక్కడ చెప్పేస్తే, అదీ ఇంకో రకం చేతిసైగే అవుతుంది.

"అన్నను అడిగినానని చెప్పు" అంది బాషాబీ. "మానిపించిన దినం గేటు దాకా నా ఎనకాలే వచ్చినాడు. ఏదో చెప్పాలని నిలబడినాడు. నోరు రాలే. మంచి మనిషి. నా కోసం అంత బాధపడినోడు ఇంకొకడు లేడు ఆ ఫ్యాక్టరీలో."

*

శుక్రవారం పొద్దున్నే ఎలీషబా అటక మీదినుంచి కావ్య చిన్నప్పటి పలక దించింది. చెక్కబద్ద ఒకవైపు ఊడింది. డబ్బాలో బలపం ముక్క దొరికింది. గట్టిగా మాట్లాడితే గోడ అవతలివాళ్ళకు వినపడుతుంది, మెల్లగా మాట్లాడితే అతనికి వినపడదు. అరుగు మీద కూర్చున్న జ్ఞానయ్య పక్కన కూర్చుని, పలక మీద గుండ్రటి అక్షరాలతో రాసింది.

నీకు వినపడడం లేదు. నాకు తెలుసు.

అతను చాలాసేపు చదివాడు, రెండు మాటలే అయినా. వీధిలో మేకల మంద పోతోంది. వాటి మెడగంటలు ఆమెకు వినపడుతున్నాయి. అతను బలపం తీసుకుని కింద రాశాడు.

నీకు తెలుసని నాకు తెలుసు.

ఆమె తడిచేత్తో పలక తుడిచింది. తడి ఆరేదాకా ఇద్దరూ దాన్నే చూశారు. నల్లటి రాయి మెల్లగా బూడిదరంగుకు తిరిగింది.

బాషాబీ చేతులు మంచివి, అని రాసింది.

జ్ఞానయ్య బలపం తీసుకోలేదు. గొంతు ఎంత పైకి పోతోందో తెలియనివాడు కనుక చాలా తగ్గించి మాట్లాడాడు. "అవి నేను తట్టిన బండలే. మోత రాలే నాకు. అరచేతికి తెలుస్తాదిలే అనుకున్నా. కొన్ని తెలుస్తాయి, కొన్ని తెలియవు. ఆమెను పంపించినాక గేటు దాకా పోయినా. నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. ఆ తప్పు ఆమె చేతుల మీద పెట్టి, నా చేతుల్తో ప్రభువు పళ్ళెం ఎట్ల ముట్టేది?"

నాతో ఎందుకు చెప్పలేదు, అని రాసింది ఎలీషబా. అక్షరాలు వంకరపోయాయి.

అతను చదివి ఆమె ముఖంలోకి చూశాడు. కోపం లేదు. చాలా రోజుల తర్వాత పలక మీద కాక, పెదవుల మీద కాక, ఆమె కళ్ళలోకి చూశాడు.

"ఎట్ల చెప్పేది? నువ్వు అంత జాగ్రత్తగా దాస్తాంటివి. పాప ఫోన్ చేస్తే నాయనకు పనుందంటివి. ఎవరన్నా నన్ను పిలిస్తే నాకంటే ముందు నువ్వు పలికితివి. ఆదివారం నీ వేళ్ళు చూసినప్పుడంతా, ఈమెకు చెవి జ్ఞానయ్యే కావాల, ఉత్త జ్ఞానయ్య వద్దేమో అనుకుంటి." పలక అంచు మీద ఊడిన బద్దను బొటనవేలితో నొక్కాడు. "మంగళవారం తలుపు దగ్గర నువ్వు చెయ్యి బోర్లించినావు చూడు. ఆపొద్దు నీకు చెబ్దామనే ఉన్నా నేను. ఆ చెయ్యి చూసినాక ఇంక ఎప్పటికీ చెప్పలేననుకున్నా."

మేకలు పోయిన వీధిలో దుమ్ము ఇంకా గాలిలోనే ఉంది. నాలుక మీద ద్రాక్షరసం తీపి తగిలినట్టైంది. రెండు నెలలూ ఆమె తీసుకుంది. రెండు నెలలూ కళ్ళు మూసుకుని, పక్కవాళ్ళకంటే నెమ్మదిగా, తృప్తిగా తీసుకుంది.

"చెప్తే పని పోతాది" అన్నాడు జ్ఞానయ్య.

పోతాది, అని రాసింది.

"పోతే ఏం చేస్తాం?"

ఇన్నాళ్ళూ అయితే ఏదో ఒక ధైర్యం చెప్పేది. ప్రభువే చూసుకుంటాడనో, ఇంకో పని దొరకదా అనో. బలపం పలక మీద ఆనించింది. తెలియదు, అని రాసి అతని వైపు తిప్పింది.

ఆ మాట చదివి అతను ఊపిరి వదిలాడు. భుజాలు కొంచెం కిందికి దిగాయి, ఎవరో బరువు ఒకవైపు పట్టుకున్నట్టు.

*

శనివారం ఎలీషబా ఫ్యాక్టరీ గేటు బయటే నిలబడింది. లోపలికి రానంది. శివకృష్ణతో చెప్పడానికి జ్ఞానయ్య ఒక్కడే పోయాడు. కోత మిషన్ల హోరు గేటు దాకా వస్తోంది. ఆ హోరులో రోజూ ఎనిమిది గంటలు, పాతికేళ్ళు. ఆమె ఎప్పుడూ ఒక పావుగంట కూడా దాని ఎదుట నిలబడలేదు. కాసేపటికి హోరు కూడా ఒక రకం నిశ్శబ్దంలా అనిపించసాగింది. అందులోంచి మనుషులు, లారీలు, ఒక కుక్క, శబ్దం లేకుండా వచ్చి పోతున్నారు. అతని లోకం ఇలా ఉంటుంది కాబోలు అనుకుంది.

అరగంటకు అతను బయటికి వచ్చాడు. ఏమన్నాడు అన్నట్టు ఆమె తల ఎగరేసింది.

"చానాసేపు ఏదో అన్నాడు. వినపడలే. రాయమన్నా." జేబులోంచి ప్యాకింగ్ అట్టముక్క తీశాడు. శివకృష్ణ కొక్కిరిగీతల్లో రెండు వరుసలు ఉన్నాయి. బాషాబీని సోమవారం పనిలోకి రమ్మనండి. మీ సంగతి ఓనరు చెప్తాడు.

వాళ్ళు నడిచే పోయారు. ఎండ గట్టిగానే ఉంది. మసీదు వెనక సందులో నీడ చల్లగా తగిలింది. బాషాబీ అదే పట్టా మీద, అదే సుత్తితో ఉంది. జ్ఞానయ్యను చూసి లేవబోయింది. అతను నిలబడే చెప్పాడు, గొంతు తగ్గించుకోవడం మరిచిపోయి. పక్కింటి తలుపులో ఎవరో తొంగి చూశారు.

"బాషాబీ, బండలు పగిలింది నీ చేతుల్లో కాదమ్మా. నా చెవి పోయింది. ఏడాదైంది. పగిలినవే మంచివని నీకిచ్చినా. గేటు దగ్గరే చెప్పాల్సింది. చెప్పలేకపోయినా. ఈరోజు శివకృష్ణతో చెప్పినా."

బాషాబీ తన చేతుల వైపు చూసుకుంది. సుత్తి చేతిలోనే ఉంది.

"అంటే అన్నా" అంది, "నా చేతులు బాగుండాయా?"

అతనికి వినపడలేదు. ఎలీషబా వైపు తిరిగాడు. అదే అడిగే చూపు. ఎలీషబా కుడిచేయి లేచింది. సగం లేచి ఆగింది. దాన్ని కొంగులోకి తీసుకుంది.

"ఆయనకు వినపడదు బాషాబీ. నువ్వే అడుగు."

బాషాబీ సుత్తి కింద పడేసి లేచి వచ్చి, పులుసంటిన రెండు చేతులూ అతని కళ్ళ ముందు పెట్టింది. తిప్పి చూపించింది. అతనికి అర్థమైంది.

"బాగుండాయమ్మా" అన్నాడు. "ఎప్పుడూ బాగుండాయి."

ఆమె ముఖం మీద ఒక్కసారిగా కోపం వచ్చింది. "నెలన్నర, అన్నా. నెలన్నర నుంచి నా చేతులకు నేనే భయపడతాండా." అతనికి వినపడదని తెలిసే అన్నది. వినపడకపోయినా అతను తల దించుకున్నాడు. సోమవారం రమ్మన్నారని ఎలీషబా అట్టముక్క ఇచ్చింది. బాషాబీ చదవలేదు, పట్టా మీద పెట్టింది.

"టీ పెట్టను ఈపొద్దు. నీళ్ళు తాగి పోండి" అని లోపలికి పోయింది.

బయటికి వచ్చినప్పుడు ఆమె చేతిలో స్టీలు గ్లాసు అంచు దాకా నిండి ఉంది. ఒక్క చేత్తో పట్టుకుంది. గుమ్మం దాటేటప్పుడు కిందికి చూడలేదు. నీళ్ళు కొంచెం తొణికి మణికట్టు మీదుగా కారాయి. అలాగే తెచ్చి జ్ఞానయ్య ముందుకు చాపింది.

*

ఆదివారం సాక్ష్యం కోసం ఎలీషబా కాగితం మీద ఏమీ రాసుకోలేదు. తెల్లచీర కట్టుకుని, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. అన్నమ్మ వెనకనుంచి వీపు మీద పొడిచి, "సరి చేసుకున్నారా?" అంది. "చేసుకుంటాండాం అత్తా" అంది ఎలీషబా. అన్నమ్మకు ఆ జవాబు నచ్చలేదు.

కిటికీల్లోంచి అదే ఎండ, అందులో అదే దుమ్ము. పెళ్ళిరోజు చేసుకుంటున్న జంట కోసం పాట పాడదామని, ఆ తర్వాత ముందుకు వచ్చి సాక్ష్యం చెబుతారని పాస్టరుగారు అన్నారు. నెంబరు చెప్పారు.

నడవకు అవతలినుంచి జ్ఞానయ్య ఆమె వైపు చూశాడు.

ఎలీషబా చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి, కదలకుండా. వాటిని అలా ఉంచడానికి ఎంత బలం కావాలో ఆమె అనుకోలేదు. అతను చూస్తూనే ఉన్నాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. పుస్తకాల పేజీలు చుట్టూ గలగలమంటున్నాయి.

అతను పక్కాయన వైపు తిరిగాడు.

"నెంబరు ఎంత? నాకు వినపడదు."

గుడి చివరిదాకా వినపడింది. వినపడనివాళ్ళ గొంతు అలాగే ఉంటుంది. ఎవరో పిల్ల కిసుక్కుమంది. పేజీల చప్పుడు ఆగిపోయింది. అన్నమ్మ చెయ్యి ఎలీషబా వీపు మీద పడి, పొడవకుండా, అలాగే ఉండిపోయింది. పక్కాయన జ్ఞానయ్య చేతిలోంచి పుస్తకం తీసుకుని, పేజీ వెతికి, మొదటి చరణం మీద వేలు పెట్టి తిరిగిచ్చాడు.

పాట మొదలైంది. జ్ఞానయ్య పక్కాయన పెదవులు చూసి అందుకున్నాడు, సగం వరుస వెనకగా. ఏడాది తర్వాత అతని గొంతు ఆ గుడిలో వినపడుతోంది, కొంచెం పక్కకు పోతూ, మళ్ళీ వెతుక్కుని దారిలోకి వస్తూ. ఎలీషబా పాడలేదు. అంతమంది గొంతుల్లో ఆ ఒక్కదాన్నే పట్టుకుని వింది.

ఆఖరి చరణం అయింది. అందరూ ఆగిపోయారు. అతనిది ఇంకా సగం వరుస మిగిలి ఉంది. అతనొక్కడే దాన్ని పాడాడు. పాస్టరుగారు పిలుస్తున్నా, ఆ సగం వరుస పూర్తయ్యేదాకా ఆమె లేవలేదు.